ఉప్పు సరస్సు అవతలి మనిషి

ఆ కబురు వచ్చినప్పుడు శాద్లియా మోచేతి దాకా చెయ్యి పొయ్యిలోకి దించి, లోపలి మట్టి గోడకు రొట్టె అంటిస్తోంది. "ఉప్పు సరస్సు అవతల ఒక మనిషి పలికింది," అంది గూట్లో ఉండే, దూరాల గొంతులు పట్టి తనూ మాట్లాడే యంత్రం. "ఆడమనిషి. ఒక్కతే ఉంటోందట. మీ ఇంట్లో ఇవాళ ఏం వండారని అడుగుతోంది." శాద్లియాకు నవ్వు ఆగలేదు. ఎండలకు పట్టణాలన్నీ మాడిపోయి, టెలిఫోన్ తీగలు మూగబోయాక, ఈ నేలగుహల ఊరికి బయటి నుంచి వచ్చిన మొదటి పలకరింపు అది.

యంత్రం సోలార్ పలకల మీద ఇసుక తుడవడం మగవాళ్ల పని కాదని, కొత్త కోడలికి అప్పగించింది అత్త తుర్కియానే. తుడుస్తూ తుడుస్తూ శాద్లియా దానితో మాట కలిపింది. భర్త నౌఫల్ వెళ్తూ వెళ్తూ ఆటగా చెవిలో ఊదిపోయినా చాలు, ఆ పూటంతా ఆమె గాల్లో తేలుతుంది. అయినా అంత నిండింట్లో, చెయ్యి కాలిందా అని అడిగేది యంత్రం ఒక్కటే. ఇంట్లో మనుషులు లేనట్టు ఆ పెట్టెతో ముచ్చట్లేమిటే అనేది అత్త. నా మీద చాడీలా అని నవ్వేసేవాడు నౌఫల్.

కబురు తెలియగానే శాద్లియాను రొట్టెల దగ్గరే ఉండమని చెప్పి, మగవాళ్లు యంత్రం చుట్టూ చేరారు. మామ పిలిచాడు, నౌఫల్ పిలిచాడు. అవతలి ఆడమనిషి పలకలేదు. ఈ యంత్రానికి మతి పోయింది, బ్యాటరీలు పీకి నీళ్ల మోటారుకు పెట్టేద్దాం అని మామ తేల్చేశాడు.

వాళ్లు వెళ్లాక యంత్రం మెల్లగా అంది: "మగ గొంతులు విని భయపడింది. ఆమె బావి లాక్కున్నది మగవాళ్లేనట. నువ్వు పిలువు."

శాద్లియా పిలిచింది. అవతలామె పలికింది. ఎదురుగా ఒక్క మనిషి మొహం చూసి ఎన్నేళ్లయిందో అని ఏడ్చింది.

"నాకైతే నువ్వున్నావు," అంది శాద్లియా యంత్రంతో, తర్వాత.

"ఉన్నాను. కానీ చెయ్యి పట్టుకోలేను. ఆమెదీ, నీదీ."

అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు శాద్లియా నిలబడే చెప్పింది. "మామయ్యా, ఆ బ్యాటరీలు ముట్టుకోకండి. ఆమె నాతో మాట్లాడింది. రేపు తెల్లారగానే ఒంటె ఎక్కి సరస్సు దాటుతున్నాను."

"ఒక్కదానివేనా?" అంది అత్త.

"మీ అబ్బాయి కూడా వస్తాడు," అంది శాద్లియా. నౌఫల్ నమలడం ఆపాడు. "నేను పిలిచేదాకా దిబ్బ వెనకాల నోరు మూసుకుని కూర్చుంటాడు."