అత్తయ్య అనే కమాండు

ఆఫీసులో ఆమెను అందరూ చాదస్తం అనే పిలిచేవారు. పిలిచేవాళ్ళకు మొహమాటం లేదు, పలికే ఆమెకు కోపం లేదు. వెబ్‌సైట్లకు బొమ్మలు, బటన్లు, బ్యానర్లు చేసే ఉద్యోగం ఆమెది. బటన్ కింద నీడ పిసరంత పక్కకు జరిగినా ఆ పూట ఆమెకు తిండి సహించదు. ఇంట్లో ఆమె తీరు ఎలా ఉంటుందో భర్తనడగాలి, ఆయన చెప్పడు.

ఈసారి వచ్చిన పని బస్సు టికెట్ల వెబ్‌సైటు. పెద్దవయసు వాళ్ళకు అందులో బటన్లే కనిపించడం లేదని ఒకటే ఫిర్యాదులు. మేనేజరు పేజీ బొమ్మ మీద కాస్త మసక పూసి, "ముసలి కళ్ళకి ఇలాగే కనిపిస్తుందమ్మా, ఇందులో కూడా కనబడే బటన్లు చెయ్యండి" అన్నాడు. మేనేజరుకు ఇంకా కళ్ళజోడు కూడా రాలేదు.

చాదస్తానికి అది మింగుడు పడలేదు. అసలు సరుకు ఆమె ఇంట్లోనే ఉంది. అత్తగారికి రెండు కళ్ళకూ శుక్లాలు. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండోదానికి కావాలి. పట్టీ విప్పిన రోజు ఆవిడ ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి, గోడ వంక చూసి, "ఇదేమిటే అమ్మాయ్, ఈ కంటికి గోడ నిన్ననే సున్నం వేసినట్టుంది, ఆ కంటికి టీ ఒలికినట్టుంది" అంది. కోడలికి ప్రాణం లేచి వచ్చింది. బాగైన కన్ను, మసక కన్ను ఒకే మనిషిలో! ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి ఇది సరిపోయింది, అది సరిపోలేదు అని చెప్పగల మనిషి ఎన్ని లక్షలు పోసినా దొరకదు.

ఆ సాయంత్రమే భోజనాల బల్ల మీద లాప్‌టాప్ వెలిసింది. తెర మీద ఒక పక్క అసలు పేజీ, ఇంకో పక్క ఎఫెక్టులు వేసిన పేజీ. మసక కంటితో అసలుదాన్ని, కొత్త కంటితో ఎఫెక్టులు వేసినదాన్ని చూసి రెండూ ఒక్కలా ఉన్నాయో లేదో అత్తగారు చెప్పాలి. ఆవిడ లెక్కల టీచరుగా రిటైరయింది. ఆవిడ చేత పదికి పది వేయించుకున్న పిల్లలు ఊరంతా గాలించినా నలుగురు దొరకరు. ఇక్కడా మార్కులే.

"మూడు" అంది మొదటిరోజు. "నా కంటికి బూజు పట్టింది. నువ్వు ఆవిరి పట్టించావు."

కోడలు పసుపు కలిపింది. నలుపును బూడిదరంగులోకి దించింది. తెలుపు చుట్టూ వెలుతురు చిమ్మేలా చేసింది. వెలుతురు చిమ్మించి మసక వేస్తే ఒకలా వచ్చేది, మసక వేశాక వెలుతురు చిమ్మిస్తే ఇంకోలా వచ్చేది. చేసిన ప్రతి అడుగునూ సాఫ్ట్‌వేరు వరసగా గుర్తుపెట్టుకుంటుంది. వాటిలో కావలసిన అడుగులను ఎంచి, ఒక పేరు పెట్టి దాచితే అది సొంత కమాండై మెనూలో కూర్చుంటుంది. ఇక ఏ బొమ్మ మీదైనా ఒక్క నొక్కుతో అన్నీ వరసగా పడతాయి. ఆమె దానికి పెట్టిన పేరు 'అత్తయ్య'.

ఆఫీసులో ఆ పేరు అందరి నోటా నానింది.

"అక్కా, ఈ బ్యానర్ మీదకి అత్తయ్యని వదిలావా?"

"వదిలా. ఆవిడకి ఎర్ర బటన్ ఆనలేదు."

"అయితే మార్చెయ్. అత్తయ్యతో మనకెందుకు!"

మార్కులు మాత్రం ఆరు దగ్గర మొరాయించాయి. తెల్ల పేజీ మీద కళ్ళను పొడిచే వెలుతురు ఎంతకీ కుదరలేదు. రెండో కంటి ఆపరేషన్ ఎల్లుండి. ఆ కన్ను బాగైందంటే కొలత పోయినట్టే. ఆమెకు కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే కూర్చోవాలనిపించేది. ఆఫీసు మెట్ల మీద ఫోన్ తీసింది, సంచిలో పడేసింది, మళ్ళీ తీసింది. చివరకు ఆసుపత్రికి ఫోన్ చేసి, "ఇంట్లో కాస్త ఇబ్బందిగా ఉందండీ, ఆపరేషన్ వాయిదా వెయ్యండి. తేదీ నేనే మళ్ళీ చెప్తాను" అంది. ఇంటికి వెళ్ళి, "డాక్టరుగారు ఊళ్ళో లేరట అత్తయ్యా" అంది. భర్త "అయ్యో" అని మళ్ళీ టీవీలో పడ్డాడు. అత్తగారు "అలాగా" అంది.

అది చిన్న అబద్ధమేనని కోడలు తనకు తాను చెప్పుకుంది. చిన్నదే అయితే అన్నిసార్లు చెప్పుకోవడం దేనికో!

ఒక కన్ను బాగై ఒకటి కాకపోతే, రెండూ మసకగా ఉన్నప్పటి కన్నా కష్టం. ఆ రోజుల్లో అత్తగారు గ్లాసులో పోయబోయి నీళ్ళు బల్ల మీద పోసింది. లేని మెట్టు ఉందనుకుని అడుగేసి, తూలి, గోడ పట్టుకుంది. కోడలు పరుగున వెళ్ళి తుడిచింది, పట్టుకుంది, సాయంత్రం కాగానే మళ్ళీ లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టింది. ఆమెకు సిగ్గుగానే ఉంది. సిగ్గుపడుతూనే వెలుతురు ఇంకాస్త పెంచింది.

"ఇప్పుడెంత అత్తయ్యా?"

అత్తగారు ఒక కన్ను మూసింది. అది తెరిచి రెండోది మూసింది. చాలాసేపు చూసింది.

"పది."

"పదికా?"

"పదికి పది. అచ్చం ఇలాగే ఉంది."

కోడలు ఎగిరి గంతేసినంత పని చేసింది. నిన్నటి ఆరు ఇంత చిన్న మార్పుకు పదెలా అయిందన్న అనుమానం లోపల ముల్లులా గుచ్చుకుంది గానీ, దాన్ని అక్కడే నొక్కేసింది. మర్నాడే డాక్టరుగారు ఊరి నుంచి వచ్చేశారు. మేనేజరు ఆ కమాండును అందరి కంప్యూటర్లలోకీ ఎక్కించి, ఇకమీదట ఏ పేజీ అయినా అత్తయ్యను దాటాకే బయటకు వెళ్ళాలని ఆర్డరు వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆపరేషన్ రోజు పొద్దున్నే ఆసుపత్రి వరండాలో ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. కోడలు సెలవు పెట్టింది కానీ లాప్‌టాప్ సంచి ఒళ్ళోనే ఉంది. నర్సు వచ్చి అత్తగారి మసక కంట్లో చూపు చెదరగొట్టే చుక్కలు వేసి వెళ్ళింది. ఆవిడ చేతిగుడ్డతో చెంప తుడుచుకుని, "అమ్మాయ్, ఆ పది దొంగ పది" అంది.

"ఏమిటి అత్తయ్యా?"

"అసలు మార్కు ఆరే. ఆరు కూడా కాస్త ధారాళంగా వేసిందే."

కోడలు ఒళ్ళోని సంచిని ఇంకాస్త దగ్గరకు లాక్కుంది.

"నా ఫోనుకి మెసేజ్ వచ్చింది, మీవాళ్ళ కోరిక మేరకు ఆపరేషన్ వాయిదా వేశామని. ఇదివరకు నా మెసేజ్‌లన్నీ నువ్వే చదివి పెట్టేదానివి. కొత్త కన్ను వచ్చాక నేనే చదువుకుంటున్నాను. అది నువ్వు మర్చిపోయావు."

ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే కాస్త తేలికగా ఉండేది.

"అడగొచ్చుగా అత్తయ్యా! నాలుగు తిట్టొచ్చుగా!"

"నువ్వూ అడగొచ్చుగా. ఇంకో వారం ఈ కన్ను నాకివ్వండి అత్తయ్యా అంటే కాదనేదాన్నా? అడగలేదు. నీకు పది పడితే గానీ నా కన్ను నాకు రాదని అర్థమైంది. నా సర్వీసులో ఎవరికీ దొంగ మార్కు వెయ్యలేదే. హెడ్మాస్టరు కొడుక్కి కూడా వెయ్యలేదు. నీకు వేశాను."

"మరి ఇప్పుడెందుకు చెప్తున్నారు?"

"చుక్కలు పడ్డాయిగా. ఇంక ఈ కంటితో నీకు పని లేదు."

అప్పుడైనా కోడలికి ముందుగా పశ్చాత్తాపం కలిగి ఉంటే బాగుండేది. కలగలేదు. చుక్కల మందు దిగేదాకా ఆగి, ఇంకో నాలుగు రోజులు వాయిదా వేయిస్తే, ఆ వెలుతురొక్కటీ సరిచేస్తే అనుకుంది. చెయ్యి తనంతట తానే సంచి జిప్పు మీదకు పోయింది. అత్తగారు ఆ చేతి వంక చూసింది. బాగైన కంటితోనే చూసింది. కోడలు చెయ్యి వెనక్కు లాక్కుంది. బతుకులో అంత సిగ్గు ఆమె ఎన్నడూ ఎరగదు.

లోపలి నుంచి పిలుపు వచ్చింది. అత్తగారి చెయ్యి పట్టుకుని తలుపు దాకా నడిపించింది.

"ఇక్కడ మెట్టుందా?" అంది ఆవిడ.

"లేదు అత్తయ్యా."

"నిజమేనా?"

"నిజంగానే లేదు."

ఆవిడ ఒక్క క్షణం ఆగి, అడుగు వేసి లోపలికి వెళ్ళింది.

తలుపు మూసుకున్నాక కోడలు వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరకు తిరిగింది. తర్వాత మేనేజరుకు ఫోన్ చేసింది.

"సార్, ఆ కమాండు తీసేయించండి. అది తప్పు."

"తప్పేమిటమ్మా! పదికి పది అన్నావుగా? అందరికీ ఎక్కించేశాం కదా!"

"ఆ కన్ను నాకు కావాలని ఆవిడ ఆపరేషన్ ఆపించాను సార్. అది తెలిసి, నన్ను వదిలించుకోవడానికి వేసిన మార్కులవి."



"సరే, అయిందేదో అయింది. ఆవిణ్ణి ఇంకొక్కసారి కూర్చోబెట్టి సరిచెయ్."

ఆపరేషన్ గది తలుపు పైన ఎర్రదీపం వెలిగింది.

"కుదరదు సార్. ఆవిడకి ఇక రెండు కళ్ళూ కనిపిస్తాయి" అంది కోడలు. అన్నాక ఆ మాట ఆమె చెవిన పడింది. ఇన్నాళ్ళూ తను భయపడుతూ వచ్చింది ఈ మంచి కబురుకేనని అప్పుడు తెలిసింది.