తోటకూరకు వేసిన మాత్రలు

సుందరరామయ్యగారు రచ్చ గెలిచిన మనిషే గాని ఇంట గెలవలేదు. ఉత్తరాదిలోని ఒక ఉక్కు కర్మాగారపు ప్రయోగశాలలో జీవితమంతా ఖనిజాలు కరిగించి, తూచి, శాతాలు తేల్చి రిటైరైన రసాయనవేత్త ఆయన. తూచనిదాన్ని నమ్మేవారు కారు. జుగ్సలాయి బజారులో అమ్మే ‘ఖనిజామృతం’ అనే టానిక్కును పరీక్షించి, అందులో ఉన్నది బెల్లప్పాకమూ, రంగూ, ఒక మేకుకు పట్టే తుప్పుపాటి ఇనుమూ మాత్రమేనని తెలుగు సంఘం సభలో నిరూపించిన నాడు చప్పట్లు చాలాసేపు మోగాయి. సోనారిలోని ఇంటికి వచ్చేసరికి, ఆయన భార్య వరహాలమ్మ అదే టానిక్కు చెంచాలో పోసుకుంటూ ఎదురైంది.

“మీ లెక్క మీది, నా మోకాళ్లు నావి,” అంది ఆవిడ, గుటక వేసి.

కొడుకు భీమశంకర్ కర్మాగారంలో ఇంజనీరు. తండ్రి ఉపన్యాసం ఎత్తుకోగానే “ఠీక్ హై నాన్నా, డ్యూటీకి టైమయింది” అని సైకిలెక్కేవాడు. ఇక మిగిలింది కోడలు కుసుమకుమారి. పాలకొండ నుంచి ఆ ఏడే కాపురానికి వచ్చిన పిల్ల. ఆమె వినేది. విని ఊరుకోక, ప్రశ్నలు కూడా వేసేది. ఆ ప్రశ్నల కోసం సుందరరామయ్యగారు అన్నం దగ్గర అవసరమైన దానికన్నా ఎక్కువసేపు కూర్చునేవారు.

“ఏటండీ ఈ తోటకూర? గడ్డి నయం,” అంది ఒకనాడు వరహాలమ్మ. “మా అమ్మ వండితే వీధి చివరికి వాసనొచ్చీది. ఈ కొత్త ఎరువులొచ్చాక ఆకులో సారం పోనాది.”

“మీ అమ్మ వండిన ఆకును ఎవరైనా తూచారా? ఆ ఆకూ లేదు, ఆనాటి నీ నాలుకా లేదు. దేన్ని దేనితో పోలుస్తావు?” అన్నారాయన. న్యాయంగా ఉండాలనిపించి మళ్లీ అందుకున్నారు. “బియ్యం సంగతి వేరు. మరపట్టిన బియ్యంలోంచి తవుడుతో పాటు ఏం పోతుందో తేల్చారు. ఒప్పుకుంటాను. ఆకు సంగతి తేలలేదు. ఒకవేళ మట్టిలో ఏదైనా తగ్గితే మట్టికే వెయ్యాలి. మట్టిలోంచి ఆకులోకి, ఆకులోంచి ఒంట్లోకి. అంతేగాని సీసా అడ్డదారి.”

“అయితే మట్టికి ఏసింది ఆకులోకి వచ్చేత్తాదాండి, మావయ్యగోరూ?” అంది కుసుమ.

“వస్తుంది,” అన్నారాయన, ప్రశ్నకు ముచ్చటపడి.

అప్పటికి ఆమెకు నాలుగో నెల. ఐదో నెలలో వరహాలమ్మ ఆమెను బాగ్‌బేరాలో డాక్టర్ జ్ఞానరత్నం గారి దగ్గరికి తీసుకువెళ్లింది. సుందరరామయ్యగారు తోడు వెళ్లారు. కాకినాడ వైపు నుంచి వచ్చి రైల్వే కాలనీలో స్థిరపడ్డ ఆ డాక్టరమ్మ, వేలి రక్తం పరీక్షించి, ఆయన్ని పక్కకు పిలిచింది.

“ఉండవలసిన దాంట్లో సగమే ఉందండి. ఇలాగే కాన్పుకి వస్తే, మామూలుగా పోయే రక్తాన్ని కూడా ఈ పిల్ల తట్టుకోలేదు. ఇనుము మాత్రలు ఇస్తున్నాను. ఒక్కటీ మానకూడదు.”

నెల గడిచింది. మళ్లీ పరీక్షిస్తే గాజు గొట్టం మీద రక్తం కొలత పోయినసారి గీత దగ్గరే ఆగింది.

“మాత్రలు వాడుతున్నావా అమ్మా?” అని అడిగింది జ్ఞానరత్నం.

“అన్నీ అయిపోయాయండి. ఒక్కటీ మిగల్లేదు,” అంది కుసుమ.

డాక్టరమ్మ నుదురు ముడిచి మరిన్ని మాత్రలు ఇచ్చింది. ఇంటికి వచ్చి గేటు దగ్గర రిక్షా దిగిన కుసుమ, వాకిలి దాకా ఉన్న ఆ కాస్త దూరం నడవలేక మధ్యలో గోడ పట్టుకుని నిలబడిపోయింది. పెదవులు తెల్లగా ఉన్నాయి. “ఏం లేదండి, కళ్లు తిరిగాయంతే,” అని నవ్వింది. రిక్షావాడికి డబ్బులిస్తున్న సుందరరామయ్యగారు ఆ నవ్వును నమ్మలేదు. మందు నకిలీదా? ఒంటికి పట్టడం లేదా? కారణం తెలియని ఫలితం ఆయన్ని ఎప్పుడూ చికాకు పెట్టేది, ఇప్పుడు భయపెట్టింది.

మర్నాడు పొద్దున్న తోచక పెరట్లోకి వెళ్లి, కుసుమ పెంచుతున్న తోటకూర మడిలో కలుపు తీయసాగారు. మొదళ్ల దగ్గర మట్టి గోధుమరంగు మచ్చలు తేలి ఉంది. వేలితో గీకారు. ఒక మచ్చ నడుమ, సగం కరిగిన ఆకుపచ్చని మాత్ర. ఆ తుప్పు రంగును ఆయన నిద్రలోనైనా గుర్తుపట్టగలరు.

కుసుమ చెంబుతో నీళ్లు తెచ్చింది.

“ఇవి ఇక్కడెందుకున్నాయమ్మా?”

ఆమె జంకలేదు. పైగా మొహం విప్పారింది. “రోజూ ఏత్తన్నానండి, నీళ్లు పోసే ముందర. ఈ ఆకే వండుకు తింటన్నాను.”

“మడికా వేశావు?”

“డాక్టరమ్మగోరు ఇనుము తినమన్నారు. మీరేమో మట్టిలోంచి ఆకులోకి రావాలి, అడ్డదారి కూడదన్నారు. ఇద్దరి మాటా పోకూడదని...” గొంతు తగ్గించింది. “మింగితే కడుపులో తిప్పీదీ, అదీ ఉందనుకోండి.”

నవ్వవలసిన విషయమే. ఆయనకు నవ్వు రాలేదు. ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో ఆయన మాటను అక్షరాలా పాటించిన మనిషి ఒక్కతే దొరికింది. పాటించి, రక్తం లేక గోడ పట్టుకుంది. ఆయన మడి గట్టు మీద చతికిలబడ్డారు.

“మొక్క తనకు కావలసినంతే తీసుకుంటుందమ్మా. మిగిలింది ఇదిగో, తుప్పు. తప్పు నీది కాదు. సీసా అడ్డదారి అన్నాను గాని, అది ఎవరికో చెప్పలేదు. మీ అత్తగారికి దండగ, ఆవిడకు కొరత లేదు. నీకుంది. కొరత ఉన్నవాళ్లకు ఇనుము మాత్రే మందు.”

కుసుమ ఆలోచించింది. “నాకు కొరతుందని మీకెలా తెలుసండి? మీరు తూచలేదు కదా!”

ఆయన కత్తి ఆయన మెడకే వచ్చింది. బాధలోనూ ఆయనకు ముచ్చటేసింది. “వరహాలూ! అద్దం పట్టుకురా!” అని కేకేశారు.

“పొద్దున్నే అద్దమేటి, పెళ్లిచూపులకెళ్తన్నారా?” అంటూ వచ్చిన వరహాలమ్మ, సంగతి విని నోరు నొక్కుకుంది. ఆయన చెప్పినట్టు తన కంటి కింది రెప్పను కిందికి లాగి చూపింది. దానిమ్మ గింజలా ఎర్రగా ఉంది. తరవాత కోడలి రెప్ప లాగి అద్దం పట్టింది. కడిగిన బియ్యంలా తెల్లగా ఉంది. కుసుమ అద్దం తన చేతిలోకి తీసుకుని, రెండో రెప్ప కూడా లాగి చూసుకుంది.

“మింగుతానండి,” అంది చివరికి. “మరి తిప్పితే?”

“తిప్పినంతసేపూ నేను పక్కనుంటాను.”

ఉన్నారు. అన్నం తిని మాత్ర మింగాక ఆమె వరండాలో కూర్చునేది. ఆయన కోసిన నిమ్మచెక్క చేతికిచ్చి, వికారం తగ్గేదాకా గనుల కబుర్లు చెప్పేవారు.

“నేను సీసా తాగితే ఎక్కిరించీవోరు. ఇప్పుడు మాత్రలు పట్టుకుని కోడలి ఎనకాల తిరుగుతన్నారు,” అనేది వరహాలమ్మ.

“నీ సీసా ఇప్పటికీ బెల్లప్పాకమే,” అనేవారాయన.

ఏడో నెలలో మళ్లీ బాగ్‌బేరా వెళ్లారు. సన్నని గాజు గొట్టంలో కుసుమ రక్తం ఆమ్లంతో కలిసి గోధుమరంగుకు తిరిగింది. పక్కనున్న గాజుకడ్డీ రంగుకు సరిపోయేదాకా అందులో నీటి చుక్కలు వేస్తారు. ఎన్ని చుక్కలు ఓర్చుకుంటే రక్తం అంత చిక్కన. ఇది సుందరరామయ్యగారికి ఒకరు చెప్పనక్కరలేదు. రంగులు పోల్చడం ఆయనకు వృత్తి. అందుకే జ్ఞానరత్నం గొట్టాన్ని ఆయనకే అందించింది.

“మీకు అలవాటే కదండీ, చూడండి.”

ఆయన దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తారు. పోయినసారి ఆగిన గీత దాటినట్టే ఉంది. రంగు ఇంకా ముదురుగానే ఉన్నట్టుంది. అలా ఉండాలని తానెంతగా కోరుతున్నారో ఆయనకు తెలుసు. గొట్టాన్ని జాగ్రత్తగా తిరిగి ఇచ్చేశారు.

“ఇవాళ నా కన్ను పనికిరాదు డాక్టరమ్మా. చూడకముందే తీర్పు చెప్పేసింది. మీరే చూడండి.”

వేలికి దూది నొక్కుకున్న కుసుమ, గొట్టాన్ని చూడడం మాని ఆయన మొహంలోకే చూస్తోంది.

జ్ఞానరత్నం ఒక చుక్క వేసి, కలిపి, వెలుతురులో పట్టి చూసింది.

“పోయినసారి గీత దాటినా ఇంకా ముదురుగానే ఉందండి,” అని మరో చుక్క వేసింది.