దోస్తుల సైటు పడిపోయిన రోజులు

ఆర్మూర్ పాత బస్టాండు వెనక, కాశీరాం నెట్ సెంటర్‌లో దోస్తుల సైటు పడిపోయిందంటే జనం తిట్టే తిట్లకు పక్క టీ కొట్టులో పాలు విరిగిపోయేవి. ఉత్త మాట కాదు. టీ కొట్టు పోచయ్య ఆ దెబ్బకే నిమ్మకాయ చాయ్ మొదలుపెట్టాడు.

ఆ సైటుకు ఇంగ్లీషులో నోరు తిరగని పేరొకటి ఉంది. ఊరికి మాత్రం అది దోస్తుల సైటే. అమెరికాలో ఏదో పెద్ద కంపెనీ పెట్టిందట. లోకంలో ఎవరు ఏ మూలనున్నా అందులో ఫోటో పెట్టుకోవచ్చు, నాలుగు మాటలు రాసుకోవచ్చు. రెండువేల ఎనిమిది నాటికి బాల్కొండ, భీమ్‌గల్, ఏర్గట్ల, ఎటు పోయినా ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్నారు. అక్కడ వాళ్ళు సెలవు రోజున నెట్‌లో కూర్చుని రాస్తారు. ఇక్కడ వాళ్ళ ఆడవాళ్ళు ఆదివారం వచ్చి బెంచీ మీద కూర్చుంటే కాశీరాం చదివి వినిపిస్తాడు.

కాశీరాం ఉన్నది ఉన్నట్టు చదివే రకం కాదు. అవతలివాడు 'తిన్న, పండుకున్న' అని రాస్తే, ఏం తిన్నాడో, కూరలో ఉప్పు ఎంత పడిందో, పడుకునే ముందు ఎవర్ని తలచుకున్నాడో అన్నీ కలిపి చదువుతాడు. వింటున్నవాళ్ళకు కళ్ళలో నీళ్ళు తిరగాల్సిందే.

"గింతగనం రాసిండా మావోడు?" అని ముత్తెమ్మ ముక్కు మీద వేలేసుకునేది.

"ఇంక ఉంది పెద్దమ్మా. తెర మీద సగమే పట్టింది," అనేవాడు.

సైటు పడిపోయినప్పుడు తెర మీద ఒక కుక్కపిల్ల బొమ్మ వచ్చేది. కళ్ళు మూసుకుని ముడుచుకుని పడుకునేది. దాని కింద ఇంగ్లీషులో సారీ. ఒక పూట పడేది, ఒక రోజు పడేది, ఒక్కోసారి వారం దాటేది. ఎందుకు పడిందో చెప్పే నాథుడు లేడు.

"మనం గీడ పరేషాన్ అయితుంటే వాడు కుక్కపిల్లను జోకొట్టుకుంట కూసున్నడు!" అని ఎరువుల దుకాణం భోజన్న లేచాడు. భోజన్నకు కోపమొస్తే ధర్నా చేయనిదే అన్నం దిగదు. ముందు జనాన్ని కరెంటాఫీసు ఎదుట కూర్చోబెట్టాడు. అది వాళ్ళ పని కాదన్నారు. అప్పుడు అందరినీ హైవే మీదికి తోలుకుపోయి కంపెనీ దిష్టిబొమ్మ తగలబెట్టించాడు.

"ఎవరిదయ్యా దిష్టిబొమ్మ?" అని ఎస్సై వచ్చాడు.

"కంపెనోనిది సార్."

"తలకాయేది మరి?"

"వాని మొఖం ఎవ్వలు సూడలే సార్. అందుకే కరాబైన మానిటర్ పెట్టినం."

గడ్డి కాలింది. మానిటర్ కాలలేదు. దానికి తీగ లేదు, కరెంటు లేదు, అయినా పొగలో ఆ తెర మీద కుక్కపిల్ల కాసేపు అగుపించిందని ముందు వరుసలో ఉన్నవాళ్ళు చెప్పారు. భోజన్న ఆ తర్వాత ఒక వారం ఎవరినీ గట్టిగా తిట్టలేదు.

ఆ వారమే ఎస్తేరమ్మ బెంచీ మీదికి వచ్చి కూర్చుంది. ఆమె మార్కెట్ యార్డులో పసుపు ఏరే కూలీ. పొడుగు కొమ్ముల కాడి ఒక కుప్ప, ఉండ దుంపల గోళ ఒక కుప్ప. పెనిమిటి దయానంద్ మస్కట్‌లో తాపీ పని. పోయిన ఆదివారం అతను రాసింది ఒక్క ముక్క: 'జ్వరం మస్తు ఎక్కువున్నది, దవాఖానకు తోలుకపోతున్నరు.' అంతే, సైటు పడిపోయింది.

ఆమె ఆదివారం ప్రార్థన కాగానే వచ్చింది. ఏడవలేదు, అరవలేదు, తిట్టలేదు. తెర వైపు చూస్తూ కూర్చుంది. మధ్యాహ్నమైంది. కాశీరాం భార్య శ్యామల వెనకింట్లోంచి అన్నం తెచ్చి పెట్టినా ముట్టలేదు.

ఆ చూపు కాశీరాం భరించలేకపోయాడు. నిద్రపోతున్న కుక్కపిల్ల ముందు కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"ఆఁ, వచ్చింది చెల్లే. 'ఎస్తేరూ, జ్వరం దిగింది. గీడ నర్సమ్మ మస్తు మంచిది. జావ తాగిన. నువ్వు ఫికర్ జెయ్యకు.' గిదీ ముచ్చట."

ఎస్తేరమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, శ్యామల పెట్టిన అన్నం తిని పోయింది. అది చూసిన ముత్తెమ్మ ఊరుకుంటుందా? "నా కొడుకుది గుడ వచ్చిందేమో సూడు బిడ్డా," అని మీద పడింది. ఆమె కొడుకు శ్రవణ్‌కుమార్ దుబాయ్ అవతల ఒంటెల ఫారంలో పని. కాశీరాంకు అప్పటికే ఊపొచ్చింది. ఒంటె శ్రవణ్ భుజం కొరికిందనీ, ఆర్మూర్ ఎముక గట్టిది కాబట్టి ఒంటె పన్నే ఊడిందనీ చదివాడు. ముత్తెమ్మ గర్వంతో ఇల్లు చేరింది.

రెండు రోజులకు సైటు లేచింది. కాశీరాం టీ తాగుతూ ముత్తెమ్మ కొడుకు పేజీ తెరిచాడు. గ్లాసు చేతిలోనే ఆగిపోయింది. శ్రవణ్ నవ్వుతూ ఒంటె పక్కన నిలబడ్డ ఫోటో. ఒంటె నోరు తెరిచి ఉంది. ముందు పన్ను లేదు.

దయానంద్ పేజీ తెరిచాడు. 'జ్వరం దిగింది. గీడ నర్సమ్మ మస్తు మంచిది. జావ తాగిన.' తను చెప్పిన మాటలు, తను చెప్పిన వరుసలో. రాసిన తారీఖు ఆదివారమే. లోకమంతా సైటు పడి ఉన్న ఆదివారం.

"శ్యామలా, జర ఇటు రా," అన్నాడు.

ఆమె తెర చూసింది, మొగుణ్ణి చూసింది. "నువ్వు నోరు మూసుకోని ఉంటే గిట్లాంటియి ఎందుకైతయి?" అని లోపలికి పోయింది. కానీ ఆ రోజంతా వంటింటి తలుపు గడియ వేసుకునే ఉంది.

మళ్ళీ ఆదివారం. మళ్ళీ కుక్కపిల్ల. ఈసారి మూడు మండలాల జనం వచ్చారు. బయట సందంతా నిండి రోడ్డు మీదికి పోయింది. భోజన్న వారం కోపమంతా దాచుకుని వచ్చాడు. "సైటు లేపాలె!" అని ఆయన అంటే, "లేపాలె, లేపాలె!" అని జనం. పసుపు ఉడకబెట్టే లింగం కూడా చేను నుంచి నేరుగా వచ్చాడు. దుబాయ్ బావమరిది కబురు కోసం. ట్రాక్టరూ, ట్రాలీ మీద బాయిలరూ అట్లాగే సందు మొదట్లో ఆపేశాడు.

లోపల ఎస్తేరమ్మ ఒక్కతే. కాశీరాం ఫోను మోగింది. మస్కట్ నుంచి దయానంద్ గదిలో ఉండే స్వామి.

"కాశీరామన్నా, వాళ్ళింటికి జర చెప్పు. దయానందన్న బేహోష్‌ల ఉన్నడు. దవాఖానల ఏసిన కాడికెళ్లి కన్ను తెరువలే. డాక్టర్లు ఏం చెప్తలేరు."

"మరి మొన్న రాసిండు గదా, జావ తాగిన్నని?"

"ఎవలు రాసిర్రన్నా? మనిషి కట్టె లెక్క పడున్నడు. వేలు గుడ కదుల్తలేదు."

ఫోను పెట్టేశాక కాశీరాం మొహం పసుపు గోళలాగా అయింది. ఎస్తేరమ్మ లేచి నిలబడింది.

"చెప్పన్నా."

చెప్పాడు. బేహోష్ సంగతీ చెప్పాడు, ఖాళీ తెర ముందు కూర్చుని చదివిన సంగతీ చెప్పాడు. కొడుతుందనుకున్నాడు. ఆమె బెంచీని తెర దగ్గరికి లాక్కుంది.

"అయితే ఇప్పుడు సదువు."

"ఏం లేదు చెల్లే అండ్ల. ఉత్త కుక్కపిల్ల."

"ఆయినె ఆడ మాట్లాడలేనప్పుడు, నీ మాట ఆయిన పేరు మీద ఎట్ల పడ్డది? సదువన్నా."

'లేచిండు, నడుస్తుండు' అని చెప్పేద్దామని కాశీరాం నోరు తెరిచాడు. చెబితే జరుగుతుందేమోనని ఆశ. నోరైతే తెరుచుకుంది గానీ ఆ మాట రాలేదు. వేరే మాట వచ్చింది. గొంతు అతనిదే, మాట అతనిది కాదు.

"పిట్టా."

ఎస్తేరమ్మ చెయ్యి గుండె మీదికి పోయింది. ఆ పేరుతో పిలిచేవాడు లోకంలో ఒక్కడే. ఆ పేరు కాశీరాంకు తెలిసే దారే లేదు.

"పిట్టా, గీడ చీకటుంది. మస్తుమంది ఉన్నరు. అందరు లైన్ల నిలబడ్డరు. ఎవ్వలు మాట్లాడ్తలేరు. గీ కాశీరామన్న సదివినప్పుడు జర ఎల్తురు అగుపిస్తది, అంతే."

తెర మీద కుక్కపిల్ల కళ్ళు తెరిచి ఉంది. ఎప్పుడు తెరిచిందో ఇద్దరూ చూడలేదు.

"ఎట్లనన్న జేసి బయటికి రా," అంది ఎస్తేరమ్మ.

"దారి తెలుస్తలేదు. పొద్దుగూకెటాల్లకు సైటు లేస్తదంట. లేస్తే తలుపు మూసేస్తరంట. లోపలున్నోల్లు లోపల్నేనంట."

బయట భోజన్న గొంతు చించుకుంటున్నాడు. "సైటు లేపాలె!"

ఎస్తేరమ్మ గడప మీదికి ఉరికింది. "మీ కాళ్ళు మొక్కుత, జర ఆగుండ్రి! ఇప్పుడే లేవద్దని మొక్కుండ్రి!"

"దీనికి ఎండ తలకెక్కింది," అన్నాడు భోజన్న. "ఏమ్మా, నీ మొగడు మాట్లాడొద్దా నీతోని?"

"మాట్లాడుతుండు! సైటు లేస్తెనే మాట్లాడడు!"

జనం నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయారు. లోపల కాశీరాం చదువుతున్నాడు. కిటికీలోంచి ఆ మాటలు వినిపిస్తున్నాయి. ముత్తెమ్మ చెల్లెలి కొడుకు పోయిన ఏడాది షార్జాలో కనిపించకుండా పోయాడు. వాడి పేరు, వాడి ఊరు, వాడి ఇంటి గేటు రంగు, అన్నీ కాశీరాం నోట్లోంచి వస్తున్నాయి. లైనులో ముందున్నవాళ్ళు ఎవరికి వాళ్ళు చెప్పుకుంటున్నట్టు. భోజన్న ఎత్తిన పిడికిలి దించడం మరిచిపోయాడు.

ఎస్తేరమ్మ లోపలికి తిరిగి చూసింది. చీకట్లో ఉన్న మనిషికి కొండ గుర్తు చెప్పి లాభం లేదు, రోడ్డు గుర్తు చెప్పీ లాభం లేదు. ఆమెకు పదిహేనేళ్ళ వయసు నుంచీ తెలిసిన గుర్తు ఒకటే. పసుపు ఉడికిందో లేదో మూత తీయకుండానే చెప్పేస్తుంది, వాసనతోనే.

"లింగం బావా! బాయిలర్ల పసుపు ఉన్నదా?"

"ఉన్నది. ఇంక సగం ఉడుకు."

"ట్రాక్టర్ వెనకకు వెట్టు. పైపు గీ కిటికీలకెల్లి లోపలికియ్యి!"

లింగానికి ఏమీ అర్థం కాలేదు. కానీ ఆ మొహం చూసి ఎందుకని అడగలేదు. జనమే దారిచ్చారు. భోజన్నే పొయ్యిలో కట్టెలు తోశాడు. ఆవిరి పైపు కిటికీలోంచి దూరి బుస్సుమంది. గది నిండా పచ్చటి పసుపు ఆవిరి, మట్టి వాసన, ఘాటు. ఎదురుగా మనిషి కనిపించడం లేదు. ఆ ఆవిరి గదిలోంచి బయటికి రాలేదు. నీళ్ళు తూములోకి పోయినట్టు తెర వైపే పోతూ ఉంది.

"వాసన వస్తున్నదా?" అని అరిచింది ఎస్తేరమ్మ.

భోజన్న ఇంకో రెండు కట్టెలు తోశాడు. తర్వాత కాశీరాం నోట్లోంచి వచ్చింది. "ఇంక ఉడుకాలె. పచ్చి వాసనొస్తుంది."

తాపీ పనికి పోకముందు దయానంద్ పసుపు పొయ్యిల కాడే పనిచేసేవాడు మరి. ఎస్తేరమ్మ ఏడుస్తూ నవ్వింది. "వాసన దిక్కే రా. ముక్కు పట్టుకోని రా. ఆగకు!"

"వస్తున్న. నా ఎనక ఇంక ఎవలో వస్తుర్రు."

అప్పుడే కుక్కపిల్ల లేచి నిలబడి ఒళ్ళు విరుచుకుంది. తెర అంచున ఎవరిదో ఫోటో సగం వచ్చింది. పక్క కంప్యూటర్‌లో ఇంకొకటి. సైటు లేస్తోంది.

"సదువన్నా, ఆపకు!"

కాశీరాం చదివాడు. ఆపితే ఆ గింత వెలుతురూ పోతుందని అతనికి తెలుసు. ఏం చదువుతున్నాడో తెలియదు. ప్రతి మాటా నోట్లోంచి కాదు, కడుపులోంచి తాడులాగా లాగినట్టు పోతోంది. తన గొంతు గదిలో తగ్గుతూ, తెర అవతల పెరుగుతూ ఉండటం అతనే విన్నాడు. పెదవులు మూయొచ్చు, ఎవరూ పట్టుకోలేదు. మూయలేదు. చివరికి పెదవులు ఆడుతున్నాయి, గదిలో చప్పుడు లేదు.

తెర నిండా ఫోటోలు పడ్డాయి. సైటు లేచింది. బయట ఒక్కరూ కేక వేయలేదు.

ఫోను మోగింది. కాశీరాం ఎత్తాడు. హలో అనబోయాడు. అనలేకపోయాడు. ఎస్తేరమ్మ లాక్కుంది.

"వదినా, లేచిండు!" స్వామి అరుస్తున్నాడు. "లేవంగనే మంట తగ్గియ్యిమంటుండు, పసుపు మాడుతదంటుండు! పక్క బెడ్ల మీదోల్లు గుడ లేచిర్రు వదినా. ఒకాయనది బెంగాలు, ఒకాయనది ఏ దేశమో. అందరు మన తెలుగుల ఆర్మూర్‌కు బస్సు ఎప్పుడున్నదని అడుగుతుర్రు. నర్సులు ఉరికిర్రు!"

నిజామాబాద్ డాక్టర్లు కాశీరాం గొంతులో లైటేసి చూశారు. అంతా బాగానే ఉందన్నారు. మాట మాత్రం తిరిగి రాలేదు. "పెండ్లయిన కాడికెళ్లి మొదటిసారి నా మాట పూర్తిగ చెప్పుకుంటున్న," అని శ్యామల అందరితో నవ్వేది. ఎవరూ లేనప్పుడు మాత్రం అతని పక్కన కూర్చుని, ఏదైనా అబద్ధం చెప్పమని అడిగేది.

దయానంద్ వర్షాలకు ముందే వచ్చేశాడు. ఇప్పుడు లింగం బాయిలర్ దగ్గరే పని. చీకట్లో ఏం చూశాడో అడిగితే చెప్పడు. ఒక్క ముక్కే చెప్పాడు. "నేను దాటేటప్పుడు, ఎవలో తలుపు పట్టుకోని నిలబడ్డరు. మనిషి అగుపియ్యలే. సదువు ఇనవడ్డది."

దాని తర్వాత సైటు మళ్ళీ పడిపోయింది. తీగ పీకేసి మూల పడేసిన స్పీకరు చిన్నగా దగ్గింది. "ఎవలన్న ఉన్నరా? లైన్ చానా పెద్దగున్నది," అంది, కాశీరాం గొంతుతో. కాశీరాం కుర్చీలో బిగుసుకుపోయాడు. అతని పెదవులు ఆ మాటల వెనకే, కొంచెం ఆలస్యంగా ఆడాయి.

"ఉన్నమన్నా, గీడనే ఉన్నం," అంది ఎస్తేరమ్మ. అప్పటికే దయానంద్ సందులోకి ట్రాక్టర్ వెనక్కి పెడుతున్నాడు.

ఆవిరి లోపలికి పోయింది. స్పీకరులో గొంతు దగ్గరికి వచ్చింది, ఇంకా దగ్గరికి వచ్చింది. శ్యామల కాశీరాం చెయ్యి పట్టుకుంది. ఇంక రెండడుగులుందనగా సైటు లేచి తెర మీద ఫోటోలు పడ్డాయి.

ఆర్మూర్ జనం ఇప్పుడూ ఆ కంపెనీని తిడతారు. హైవే మీద భోజన్న ఇప్పుడూ దిష్టిబొమ్మ కాలుస్తాడు. కాకపోతే సైటు లేచిన రోజున కాలుస్తాడు.

"గంత పెద్ద కంపెనీ," అని ఎస్సై మీదికి పోతాడు, "ఒక్క పూట సక్కగ పడి ఉండరాదా సార్?"