పేరుకి ఆగిన అణువు

ఆ ప్రయోగశాలలో రోజూ పని గాజు కిటికీ తుడవడంతో మొదలయ్యేది. తుడిచేది లెక్కలమ్మ. ఆమె ఉద్యోగం అణువుల లెక్క చూడటం, కానీ ఆ కిటికీ మీద ఇంకొకరు చెయ్యి వేస్తే ఊరుకునేది కాదు. కిటికీ వెనక పలచటి లోహపు రేకుని యంత్రం వారాల తరబడి కణాలతో బాదితే, ప్రకృతిలో ఎక్కడా లేని మూలకం ఒకే ఒక్క అణువు పుట్టేది. పచ్చటి చుక్కలా మెరిసి రెప్పపాటులో విచ్చిపోయేది. దానికి నచ్చిన పేరు పెట్టి పిలిస్తే మాత్రం ఆగేది. పాత మూలకాలన్నీ అలాగే ఆగాయి కాబట్టి దాని గురించి ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోలేదు.

ఈ కొత్తది మహా పెంకిది. హోదా ప్రకారం ఒకరి తర్వాత ఒకరు పిలవడం అక్కడి పద్ధతి. డైరెక్టరు తన గురువు పేరుతో పిలిచాడు. మాయం. ఆయన కిందివాడు ఊరి పేరుతో పిలిచాడు. అదీ మాయం. రేకు అరిగిపోయింది, ఇంకొక్క అణువు వస్తే గొప్ప. అదీ పోతే ప్రయోగశాలకి తాళమే. వంతు లెక్కలమ్మది.

“ఏ పేరు అనుకున్నావమ్మా?” అన్నాడు డైరెక్టరు.

“మేడం పేరు సార్.”

అందరూ నేల చూపులు చూశారు. ఆ రేకు చేసే పద్ధతి కనిపెట్టింది మేడమే, లెక్కలమ్మకి పని నేర్పిందీ ఆవిడే. ఇది జరిగే పని కాదని డైరెక్టరు ఆవిడని సాగనంపి, తర్వాత అదే పద్ధతిని తనదని చెప్పుకున్నాడు. ఆవిడ మళ్ళీ ఈ గడప తొక్కలేదు.

“ఆ పేరు ఎత్తావంటే రేపట్నించి రానక్కర్లేదు.”

లెక్కలమ్మకి భయం వేసింది. ఇంట్లో అమ్మకి ఏం చెప్పాలో తోచలేదు. కానీ ఆగుతుందా, ఆగదా అన్న ఆరాటం ఆ భయాన్ని పక్కకి నెట్టేసింది. చుక్క మెరవగానే గాజుకి నోరు ఆనించి, మేడంని ఇంటిపేరుతో సహా పిలిచేసింది.

ఆగింది.

అందరూ కిటికీ మీద పడ్డారు. కప్పుల్లో టీలు చల్లారిపోయాయి, చుక్క మాత్రం కదల్లేదు. డైరెక్టరు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ మళ్ళీ చూశాడు. చివరికి, “ఆవిడకి ఫోన్ కలుపు,” అన్నాడు. “కాదు, ఇటివ్వు. నేనే మాట్లాడతాను.”

“మేడం, నేనండీ. కొత్త మూలకం మీ పేరుకి ఆగింది.”

డైరెక్టరు ఫోన్ చెవికి కాస్త దూరంగా పట్టుకున్నాడు. తిట్లు తప్పవనుకున్నాడు పాపం.

“ఆగి ఎంతసేపయింది?” అంది మేడం.

“ఇంకా ఉందండీ.”

“ఇంకానా! వణుకుతోందా, కుదురుగా ఉందా?”

ఆయన తడబడి ఫోన్ లెక్కలమ్మకి అందించాడు.

“కుదురుగా ఉంది మేడం.”

“దాంతో ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు, పోనివ్వకు. చెప్పులేసుకుంటున్నా!”