తీపి ఎక్కువైన రోజు

బిస్కెట్ల ఫ్యాక్టరీలో ఆమెను నాలుకమ్మ అంటారు. అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. పొయ్యిలోంచి వచ్చే ప్రతి విడత నుంచి ఒక ప్లేటు బిస్కెట్లు ఆమె బల్ల మీదికి వస్తాయి. ఒకటి కొరుకుతుంది, నములుతుంది, పక్కనున్న స్టీలు గిన్నెలో ఉమ్మేస్తుంది, గోరువెచ్చటి నీళ్లతో పుక్కిలిస్తుంది. బాగుంటే పచ్చ మీట, బాగోకపోతే ఎర్ర మీట. ఎర్ర మీట నొక్కితే బెల్టు ఆగుతుంది. పొయ్యి మేస్త్రీ నుంచి లారీకెత్తే కూలీ దాకా అందరూ పని వదిలి ఆమె గది వైపు చూస్తారు. ఆమె తప్పు నొక్కిందని ఎవరూ ఎన్నడూ అనలేదు.

గోడ మీద రాసిపెట్టిన పద్ధతి అది. నడిచే పద్ధతి వేరు. రుచి చూసేవాళ్లలో క్రీము బిస్కెట్టు ఉమ్మేయడం మహాపాపం. ఉప్పు బిస్కెట్టు ఉమ్ముతారు, పీచు బిస్కెట్టు ఉమ్ముతారు. క్రీము వచ్చేసరికి గిన్నె బల్ల కిందికి పోతుంది. పని నేర్పిన పెద్దావిడ మొదటి రోజే ఆ సంగతి చెవిలో ఊదింది. ఇన్నేళ్లుగా నాలుకమ్మ ఆ మాట జవదాటలేదు.

అలా మింగిందంతా ఎక్కడికి చేరిందో స్కాన్ గదిలో తెలిసింది.

ఆ గదికి ఆమె తన కోసం వెళ్లలేదు. తమ్ముడికి లివర్ చెడిపోయింది. అతను వడ్రంగి. చుక్క ముట్టనివాడు. ఎప్పుడో ఒంట్లో చేరిన వైరస్ చప్పుడు లేకుండా తినేసిందన్నారు. రంపం పట్టలేని స్థితికి వచ్చాక అక్క ఇంటికి చేరాడు. ఎవరైనా లివర్‌లో ముక్క ఇస్తే బతుకుతాడు. బావ చొక్కా చేయి మడిచి ముందుకొచ్చాడు కానీ అతని రక్తం కలవలేదు. అక్కది కలిసింది. ఇంట్లో అందరికీ ప్రాణం లేచొచ్చింది. అది ఒక్క పూటే.

డాక్టరమ్మ తెర మీద బొమ్మ చూపించింది. లివర్ ఆకారం మొత్తం పసుపు రంగులో ఉంది.

"ఈ పసుపంతా కొవ్వమ్మా. ఇదంతా నీలంగా ఉండాలి. దీన్ని కోసి ఇస్తే ఆయనలో పనిచెయ్యదు. మిగిలింది మీకూ చాలదు."

"మరెలాగండీ?"

"రెండు నెలలు ఆగుదాం. తిండి మార్చండి, నడవండి. కొవ్వు దిగితే ఆపరేషన్ చేస్తాను."

"దిగకపోతే?"

"ఆపైన ఆయన ఆపరేషన్‌కి తట్టుకోలేరు." డాక్టరమ్మ కాగితం దగ్గరికి లాక్కుంది. "దిగినవాళ్లను చూశాను. నిద్ర మాత్రం తగ్గనివ్వకండి. నిద్ర చాలకపోతే దొంగాకలి పుడుతుంది, తీపి మీదికే పోతుంది మనసు. ఇంతకీ ఏం చేస్తుంటారు మీరు?"

"బిస్కెట్లు తింటానండీ."

"ఉద్యోగం అడిగానమ్మా."

"అదేనండీ ఉద్యోగం."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. పక్కనున్న తమ్ముడు నవ్వాపుకోలేక దగ్గాడు.

నిద్ర తగ్గనివ్వొద్దని చెప్పడం తేలిక. తమ్ముడి జబ్బుకు ఒక గుణం ఉంది. రాత్రినీ పగటినీ తిరగేస్తుంది. పగలంతా జోగేవాడు, చీకటి పడ్డాక లేచి ఇల్లంతా తిరిగేవాడు. ఒకసారి వీధి తలుపు తీసుకుని పోయాడు. ఇంకోసారి గ్యాసు పొయ్యి మీట తిప్పి అలాగే వదిలేశాడు. బావ బస్సు డ్రైవరు, తెల్లవారి మొదటి బస్సు అతనిదే. నిద్ర లేని కళ్లతో స్టీరింగు పట్టకూడదు. కాబట్టి కాపలా అక్కది. వీధి తలుపుకు అడ్డంగా చాప వేసుకుని పడుకునేది. అతని అడుగు పడగానే కళ్లు తెరిచేది. అది నిద్ర కాదు, కునుకు.

పొద్దున్నే ఫ్యాక్టరీ గేటు దాటగానే వెన్న వాసన ముక్కుకు తగిలేది. ఇన్నేళ్లలో ఆ వాసన ఆమెను ఏమీ చెయ్యలేదు. ఇప్పుడు అది లోపల ఎవరో గీరుతున్నట్టు ఉండేది. క్రీము బిస్కెట్టు నాలుక మీద కరిగేది. గొంతు దానంతటదే గుటక వేయబోయేది. ఆమె బల్ల అంచు పట్టుకుని వంగి గిన్నెలో ఉమ్మేది. ఉమ్మాక కాసేపు గిన్నెలోకే చూసేది.

పొయ్యి మేస్త్రీ కిటికీలోంచి చూసి నోరు వెళ్లబెట్టాడు.

"క్రీము ఉమ్ముతున్నావా నాలుకమ్మా? కళ్లు పోతాయ్!"

"పోనీ అన్నా. లివర్ వస్తుంది."

ప్యాకింగు విభాగానికి మార్పిస్తానన్నాడు. ఆమె ససేమిరా అంది. అక్కడైతే బిస్కెట్లు చేతికి అందుతాయి, ఉమ్మడానికి గిన్నె ఉండదు.

ఇంట్లో భోజనాల బల్ల మీద కొత్త చట్టం వచ్చింది. తమ్ముడికి ఉప్పు లేదు, అక్కకు తీపి లేదు. ఉడికించిన గింజలు, ఆకుకూర, గుడ్డు, కీరా ముక్కలు. అక్కాతమ్ముళ్లు ఎదురెదురుగా కూర్చుని నమిలేవారు. బావ మాత్రం పళ్లెం పట్టుకుని పెరట్లోకి పోయి నిలబడి తినేవాడు.

"బావా, అక్కడ ఉప్పేసుకుంటున్నావు కదూ?"

"ఛ ఛ. గాలి కోసం వచ్చాన్రా."

"గాలికి కరకరమని చప్పుడొస్తుందా?"

"నీకు లివర్ ఒక్కటే పోయింది. చెవులు మాత్రం పాము చెవుల్లా ఉన్నాయిరా బాబూ."

నడక సంగతి వేరే. ఫ్యాక్టరీ నుంచి ఇంటికి బస్సులో వచ్చే మనిషి నడిచి రావడం మొదలుపెట్టింది. ఆ దారిలో సాయంత్రం తిరిగే బస్సు మొగుడిదే. ప్రతి స్టాపు దగ్గరా ఆమెను దాటి ఆగేవాడు. ఆమె వచ్చేసరికి తలుపు తెరిచి ఉండేది.

"ఎక్కుతావేంటి?"

"పో, పో."

"చెప్పు తెగినట్టుంది."

"తెగలేదు. పదవయ్యా, వెనక హారన్లు కొడుతున్నారు."

నాలుగు రోజులకు బస్సులోవాళ్లందరికీ విషయం తెలిసిపోయింది. మొదట్లో ఎక్కమని పిలిచినవాళ్లే తర్వాత తర్వాత, "డ్రైవరుగారూ, ఆవిణ్ణి ఆశపెట్టకండి, తలుపు మూసెయ్యండి," అని కసిరేవారు.

ఒకరోజు తప్పింది. ముందు రాత్రి తమ్ముడు తెల్లవార్లూ గోడలకు కొలతలు తీస్తూ తిరిగాడు. లేని కిటికీకి చెక్క కోయాలన్నాడు. ఆమె రెప్ప వాల్చలేదు. ఫ్యాక్టరీలో మొదటి క్రీము బిస్కెట్టు నోట్లో వేసుకుంది, మింగేసింది. పక్కన ప్లేటులో ఉన్నవీ మింగింది. ఆలోచన వచ్చేసరికి ప్లేటు ఖాళీ. సాయంత్రం మొగుడి బస్సు వచ్చి ఆగితే అతని మొహం చూడలేక తల తిప్పుకుని నడిచింది. ఇల్లు వచ్చినా ఆగలేదు. వీధి చివర దాకా పోయి, మళ్లీ వచ్చి, మళ్లీ పోయింది. కాళ్లు ఇక రానన్నాక లోపలికి వచ్చి తమ్ముడి మంచం పక్కన నేల మీద కూలబడింది.

"తినేశాన్రా."

తమ్ముడు కళ్లు తెరిచాడు. "ఏంటి?"

"బిస్కెట్లు. ప్లేటంతా."

"క్రీమువా?"

"క్రీమువే."

అతను మోచేతి మీద లేచాడు. "ఎలా ఉన్నాయ్?"

"నీ మొహం! నేనేడుస్తుంటే..."

"అది కాదక్కా. నేనైతే ఉప్పు డబ్బా ఎత్తి నోట్లో ఒంపుకునేవాణ్ణి. నువ్వు ప్లేటు దగ్గర ఆగావు." దుప్పటి అంచు ఆమె మీదికి లాగాడు. "రేపు ఉమ్ముదువుగానీలే."

మర్నాడు ఉమ్మింది. ఆ మర్నాడూ ఉమ్మింది. నిద్ర బాగుపడలేదు, దొంగాకలి పోలేదు. అవి రెండూ ఉండగానే నడిచింది. కోరిక పుట్టినప్పుడల్లా లేచి గ్లాసుడు నీళ్లు తాగి, పిండి గోదాము మెట్లెక్కి దిగి వచ్చేది. మెట్లు దిగేసరికి కోరిక కాస్త వెనక్కి తగ్గేది. లేకపోతే మళ్లీ ఎక్కేది. మేస్త్రీ ఆ మెట్లకు ఆమె పేరు పెట్టేశాడు.

ఇక ఆ రోజు సంగతి.

క్రీము బిస్కెట్టు కొరికింది. నాలుక మీద పెట్టగానే మొహం ముడుచుకుంది. పుక్కిలించి ఇంకోటి కొరికింది. అదే. ఎర్ర మీట నొక్కింది.

బెల్టు ఆగింది. మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏమైంది?"

"తీపి ఎక్కువైంది. పంచదార రెండుసార్లు పడ్డట్టుంది, చూడన్నా."

పిండి కలిపేవాణ్ణి పిలిచి నాలుగు తిట్టాడు మేస్త్రీ. వాడు ఒట్టు పెట్టుకున్నాడు. పరీక్ష గదికి పంపారు. ఈలోగా పొయ్యిలో ఉన్న విడత మాడిపోయింది. జవాబు వచ్చింది. పంచదార ఉండాల్సినంతే ఉంది, పిసరు కూడా ఎక్కువ లేదు.

"ఇంకోసారి చెయ్యమనండి పరీక్ష," అంది నాలుకమ్మ.

చేశారు. అదే జవాబు.

ఫ్యాక్టరీలో ప్రతి విడత నుంచీ కొన్ని ప్యాకెట్లు తీసి చల్లటి గదిలో దాచి ఉంచుతారు, ఎవరైనా ఫిర్యాదు చేస్తే పోల్చి చూడటానికి. మేస్త్రీ వెళ్లి ఆమె స్కాన్‌కు వెళ్లకముందటి ప్యాకెట్టు ఒకటి తెచ్చాడు. దాని మీద పాసైనట్టు ముద్ర ఉంది. ఆ ముద్ర ఆమెదే.

"ఇది చూడు."

కొరికింది. అంతే తీపి. నోరు చెడిపోయేంత తీపి. ఇన్నేళ్లూ గిన్నె బల్ల కింద దాచి మరీ మింగింది దీన్నే.

"ఇది... ఇదెలా పాస్ చేశానన్నా?"

మేస్త్రీకి కోపం పొంగుకొచ్చి నోటి దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. అతను కూడా ఆ ప్యాకెట్టులోంచి ఒకటి తీసి నమిలాడు. బెల్టు మీది దాన్నీ నమిలాడు. రెండూ ఒకటే. అతనికి రెండూ బాగున్నాయి.

"బిస్కెట్టు మారలేదు నాలుకమ్మా," అన్నాడు మెల్లగా. "నాలుక మారింది."

ఆమె చెయ్యి నోటి దగ్గరికి పోయింది. నాలుకను మారమని ఆమె అడగలేదు. ఆమె అడిగింది లివర్‌ని. ఉమ్మింది, నడిచింది, మెట్లెక్కింది, అంతే. చేస్తున్నంతసేపూ కోరికతో కుస్తీ పడుతూనే ఉంది. ఆ కుస్తీ కింద, కునుకు పట్టీ పట్టని రాత్రుల్లో, ఆమెకు చెప్పకుండా నోట్లో ఒక పని జరుగుతూ వచ్చింది. ఎవరు చేశారు? ఏ గంటకు మొదలైంది? నోట్లో ఇది జరిగిందంటే, కనపడని చోట ఇంకేం జరుగుతోందో.

ఆ కుర్చీ ఆమెకు దక్కలేదు. తీపి తెలియని నాలుక పనికిరాదు, మరీ ఎక్కువ తెలిసే నాలుకా పనికిరాదు. మర్నాటి నుంచి ఉప్పు బిస్కెట్ల బెల్టుకు మార్చారు. మేస్త్రీ ఆ మాట చెప్పలేక చెబితే ఆమె పరధ్యానంగా తలూపింది. ఆమె మనసు స్కాన్ గదిలో ఉంది.

గడువు రోజున ముగ్గురూ వెళ్లారు. బావ డ్రైవరు చొక్కాలోనే వచ్చాడు. తమ్ముణ్ణి చక్రాల కుర్చీలో తోసుకెళ్లారు. అతని కళ్లు పచ్చబడ్డాయి, మణికట్టు సన్నబడింది. ఇక వాయిదా వేయడానికి రోజులు లేవని ఎవరూ చెప్పనక్కర్లేదు.

డాక్టరమ్మ పాత బొమ్మ పెట్టింది. పసుపు. దాని పక్కన పొద్దుటి బొమ్మ పెట్టింది.

అక్కడ నీలం ఉంది. అంచున ఒకచోట పసుపు మరక, మిగతా అంతా నీలం.

బావ లేచి తెర దగ్గరికి వెళ్లాడు. "ఇది ఈవిడదేనాండీ? వేరేవాళ్లది పెట్టలేదు కదా?"

"ఆవిడదే."

"రాత్రుళ్లు పడుకోలేదండీ ఈవిడ. ఒక్క రాత్రి కూడా సరిగా పడుకోలేదు."

"తెలుస్తోంది ఆవిడ కళ్లు చూస్తే," అంది డాక్టరమ్మ. "నిద్ర కూడా ఉండుంటే ఇంకా తేలిగ్గా అయ్యేది. లేకుండానే చేశారు." ఆమె కూడా తెర వైపే చూస్తోంది. "నేను రోజూ చూస్తాను ఇలాంటివి. అయినా ప్రతిసారీ ఒకసారి ఆగి చూస్తాను."

తర్వాత ఆపరేషన్ గురించి చెప్పింది. అక్క లివర్‌లో పెద్ద భాగం తీసి తమ్ముడికి పెడతారు. ఆమెలో మిగిలిన ముక్క పెరగడం మొదలుపెడుతుంది. కొన్ని వారాల్లో దాదాపు మునుపటంత అవుతుంది. అతనిలో పెట్టింది అతని ఒంటికి తగినంత పెరుగుతుంది. అంతటితో రెండూ ఆగుతాయి.

"ఎక్కడ ఆగాలో దానికెలా తెలుస్తుందండీ?" అని అడిగాడు బావ.

డాక్టరమ్మ చిన్నగా నవ్వింది. "కొంత తెలుసు మాకు. అంతా తెలీదు."

తమ్ముడు కుర్చీలోంచి చెయ్యి చాపి అక్క డొక్క మీద, కుడివైపు, పక్కటెముకల కింద పెట్టాడు. చెక్క మీద చెయ్యేసి చూసేవాడిలా అరచేయి మొత్తం ఆనించాడు. జోకు వేస్తాడని బావ ఎదురుచూశాడు. తమ్ముడు వేయలేదు.

నర్సు తలుపు తీసి తర్వాతి వాళ్లను పిలవనా అంది. డాక్టరమ్మ కాసేపు ఆగమన్నట్టు చెయ్యి ఎత్తింది. బట్ట మీంచి తమ్ముడి అరచేయి వేడి అక్కకు తగులుతోంది. ఆమె ఊపిరి తీసుకుంటే ఆ చెయ్యి లేస్తోంది, వదిలితే దిగుతోంది.