లచ్చవ్వ వాకిట్లో పడే బంతులు

రుద్రంగిలో లచ్చవ్వ పొద్దున్నే లేచి, వాకిలి ఊడ్చి, ముగ్గు పెట్టే ముందు బంతులు ఏరుకుంటుంది. శని, ఆదివారాలు దాటాయంటే గంప పట్టుకుని దిగాల్సిందే. చిక్కుడు పందిరి మీద ఒకటి, కోళ్లగూటి వెనక ఒకటి, ఒక్కోసారి బర్రె తొట్టిలో తేలుతూ ఇంకొకటి. ఎక్కడో ఇంగ్లండులోనో స్పెయిన్‌లోనో గోల్‌లోకి కొట్టాల్సిన బంతిని ఎవడైనా ఆకాశంలోకి లేపితే, అది స్టేడియం దాటి, సముద్రం దాటి వచ్చి లచ్చవ్వ వాకిట్లో పడుతుంది. కొడుకు సాగర్ దోహా నుంచి వచ్చినప్పటి నుంచి ఇదే వరస. ఎందుకని ఊళ్లో ఎవరూ అడగలేదు. కోతులు ఫలానా ఇంటి మీదికే ఎందుకొస్తాయని ఎవరైనా అడుగుతారా? పక్కింటి లసుమవ్వ మాత్రం పెంకు పగిలినప్పుడల్లా గోడ మీద నుంచి గొంతు లేపేది.

"ఓ సాగరూ! గా తన్నెటోడు ఎవడో గని, జర చూసుకొని తన్నుమనరాదు కొడుకా!"

"చెప్తనే చిన్నమ్మా," అనేవాడు సాగర్, నిజంగానే ఫోన్ చేసి చెప్పేవాడిలాగా.

మంచి బంతులు బడిపిల్లలకు పోయేవి. చిరిగినవాటిని లచ్చవ్వ సగానికి కోసి కోడిపిల్లలకు నీళ్లు పెట్టేది. ఊరంతటికీ ఒకటే లెక్క: ఎక్కడ పడినా సరే, బంతి లచ్చవ్వది.

సాగర్ కల్లు గీసే గౌండ్ల ఇంట్లో పుట్టాడు గానీ తాటిచెట్టు సగం ఎక్కితే కళ్లు తిరుగుతాయి. అందుకని దోహా పోయి, అన్నం మీద మాంసం పెట్టి వడ్డించే ఒక మండి హోటల్లో వంట నేర్చుకున్నాడు. ఫుట్‌బాల్ పిచ్చి రూములోని మలయాళీలు అంటించింది. వాళ్లు గదికి ఒక వైపు పసుపు రంగు, ఒక వైపు నీలి గీతలు కొట్టి, కొత్తగా వచ్చినవాణ్ణి ఎటు పడుకుంటావని అడిగారు. సాగర్ బ్రెజిల్ వైపు పడుకున్నాడు. అదే ఊరి అర్జున్ రావు అర్జెంటీనా వైపు పడుకున్నాడు. క్లబ్బు మాత్రం ఇద్దరిదీ ఒకటే, ఇంగ్లండులో ఎర్ర అంగీల క్లబ్బు.

ఈ విషయంలో సాగర్‌కు గట్టి అభిప్రాయాలున్నాయి. చాయ్ హోటల్లో ఎవరు దొరికితే వాళ్లకు చెప్పేవాడు.

"దేశం ఆట జాతర అసొంటిదే. ఎప్పుడో ఓపారి యాటను కోసినట్టు. క్లబ్బు ఆట దినాం తినే బువ్వ. అండ్ల నీది ఏ ఊరు, మీది ఏ ఇల్లు అని ఎవడూ అడుగడు. బంతి అందిస్తున్నవా లేదా, గంతే."

"పైసలకు ఆడుతరు గదనే గాళ్లు?"

"మరి మనం గల్ఫుకు గాలి మార్పుకు పోయినమా?"

దోహాలో అర్జున్ రావు "అరేయ్ అర్జున్". ఒకే తట్టలో చేతులు పెట్టి తిన్నారు. తీరా ఇద్దరూ కలిసి వచ్చి రుద్రంగిలో బస్సు దిగేసరికి సాగర్ నోటి నుంచి "పోయొస్త దొరా" అని దానంతటదే వచ్చింది. ఆ మాటకు అర్జున్ మొహం చిన్నబోయింది. సాగర్‌కైతే ఆ రాత్రి అన్నం సయించలేదు.

కోరుట్లలో ఇద్దరూ కలిసి మండి హోటల్ పెట్టాలనుకున్నారు. మెయిన్ రోడ్డు మీద షట్టర్ చూశారు. బేరం అర్జున్ తండ్రి నర్సింగ్ రావు దగ్గర ఆగింది. ఆ ఇంట్లో దొరతనం ఎప్పుడో పోయి పసుపు, మక్కజొన్న చేలు మిగిలాయి. మాట మాత్రం పాతదే.

"గౌండ్లోళ్లతోని పొత్తుల యాపారమా? మన పేరు పక్కపొంటి గాళ్ల పేరు రాసి బోర్డు కడ్తవా? గా క్లబ్బులు, గా సోపతులు బంద్ పెట్టు. ఆ ఇంటి గడప తొక్కితే మళ్ల నా గడప తొక్కకు!"

క్లబ్బంటే ఆయన లెక్కలో పేకముక్కల పత్తలాట. వాళ్ల బంధువుల్లో ఒకాయన కరీంనగర్ క్లబ్బులో పొలమంతా పోగొట్టుకున్నాడు.

ఈలోపు దోహా హోటల్ వాళ్లు సాగర్‌ను మళ్లీ రమ్మన్నారు. ఈ వారంలో అవునో కాదో చెప్పాలి. ఇక అవునని చెప్పడమే మిగిలింది.

బ్రెజిల్, అర్జెంటీనా మ్యాచ్ ఆ వారంలోనే వచ్చింది. అక్కడ రాత్రి ఆట, ఇక్కడ తెల్లవారి చాయ్ వేళ. సాగర్ తలుపు బార్లా తీసి టీవీ ముందు ఒక్కడే కూర్చున్నాడు. అర్జున్ వాళ్లింట్లో ఫోన్‌లో చూస్తున్నాడు. అర్జెంటీనా ఒక గోల్ ముందుంది. చివర్లో బ్రెజిల్‌కు పెనాల్టీ దొరికింది. కొట్టేవాడు ఎర్ర అంగీల క్లబ్బువాడే. ఉరికొచ్చి కొట్టాడు. బంతి గోల్ మీద నుంచి, జనం మీద నుంచి లేచి ఎటో పోయింది.

"అవ్వా, అస్తుంది చూడు!"

లచ్చవ్వ గంపతో బయటికొచ్చింది. ఇద్దరూ తలలెత్తి నిలబడ్డారు. చాయ్ తాగేంతసేపు చూశారు. బంతి వచ్చింది గానీ ఆగలేదు. పందిరి మీద నుంచి, లసుమవ్వ పెంకుల మీద నుంచి దొరల వాడ దిక్కు పోయింది.

కొంచెం సేపటికి అర్జున్ ఫోన్ చేశాడు. గొంతులో నవ్వాగడం లేదు.

"పాలిష్ పట్టి పోసిన పసుపు కుప్పల పడ్డదిరా! నాయిన నెత్తి నిండ పసుపే. మందిసొమ్ము మనింట్ల ఒక్క గడియ సుత ఉండొద్దు, ఇచ్చి రాపోరా అంటుండు. ఆ గడప తొక్కద్దని నువ్వే అంటివి గద అని నేనన్న. జీతగాడు ఇంక రాలే. ఇగ నాయిననే అస్తుండురా!"

సాగర్ ఫోన్ పెట్టేసి, కుర్చీ దులిపి పెట్టాడు.

నర్సింగ్ రావు వచ్చాడు. తెల్లటి ధోతి సగం పచ్చబడింది. మీసం కూడా పచ్చబడింది. రెండు చేతులతో బంతిని పట్టుకుని దర్వాజ దగ్గర నిలబడ్డాడు.

"అయ్యో దొరా, కబురు పెడితె నేనే రాకపోదునా," అంది లచ్చవ్వ కొంగు సర్దుకుంటూ.

"మీ బంతి మా ఇంట్ల పడ్డదవ్వా. తీసుకో."

ఇచ్చేశాడు. వెనక్కి తిరగబోతూ టీవీ దిక్కు చూశాడు. ఆట అయిపోయింది. పెనాల్టీ పోగొట్టినవాడు గడ్డి మీద కూర్చుని మొహం దాచుకున్నాడు. నీలి గీతల అంగీవాడొకడు వచ్చి, వాణ్ణి లేపి, తల నిమురుతున్నాడు.

"గీడు గెలిచినోడు గదా. ఓడినోన్ని ఎందుకు బుదగరిస్తుండు?"

"ఇద్దరిది ఒక్కటే క్లబ్బు దొరా."

"పత్తలు ఆడుతరా?"

"కాదు దొరా. క్లబ్బంటె గీ ఆటనే. ఏడాది పొడుగూత ఒక్క దిక్కు ఆడుతరు, ఒక్క దిక్కు తింటరు. ఇయ్యాల ఒక్కదినం ఎవల దేశం వాళ్లది."

"రేపు?"

"రేపు ఇమానం ఎక్కి మళ్ల ఒక్క దిక్కే."

నర్సింగ్ రావు గడప దాటి లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. టీవీలో వాళ్లిద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని నడుస్తున్నారు. చాలాసేపు వాళ్లనే చూశాడు.

"ఆడ మీకు వంట ఎవలు చేసేటోళ్లు?"

"దినాం నేనే చేసేది. శుక్రారం నాడైతె అర్జున్‌గాడు..."

సాగర్ నాలుక కరుచుకున్నాడు. లచ్చవ్వ చేతిలోని బంతి జారి కింద పడి, దొర్లుకుంటూ పోయి కుర్చీ కాలికి తగిలి ఆగింది. నర్సింగ్ రావు మీసం మీది పసుపు తుడుచుకున్నాడు.

"ఎట్ల వండుతుండె మావోడు?"

అబద్ధం చెబుదామనుకున్నాడు సాగర్. ఒకే తట్టలో తిన్న కూర గురించి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"ఉప్పు కషం దొరా. నోట్లె పెట్టరాకపోయేది."

నర్సింగ్ రావు లచ్చవ్వ ఇచ్చిన చాయ్ అందుకుని, ఊదుకుంటూ ఒక గుక్క తాగాడు.

"అయితె పొయ్యి కాడికి వాన్ని రానియ్యకు," అన్నాడు. "గల్లపెట్టె కాడ కూసోబెట్టు."