రాకెట్ గోళ్ళు

"రేపు పొద్దున బాజ్ వస్తాడు. వాడి కుక్క రాకెట్‌కి గోళ్ళు తియ్యాలట. ఐదు నిమిషాల పని," అన్నాడు ట్రెవర్, టీవీలో ఫుట్‌బాల్ మీంచి కళ్ళు తిప్పకుండా.

ఆ మాట అనే సమయానికి నారెల్ నేల మీద కూర్చుని, భోజనానికి వచ్చిన అత్తగారి కాలి గోళ్ళు తీస్తోంది. ముందు ప్లాస్టిక్ బేసిన్‌లో నానబెట్టి, తువ్వాలు ఒళ్ళో పరుచుకుని, ఒక్కో వేలూ పట్టుకుని తియ్యాలి. డల్సీకి ఎనభై దాటాయి. పెరట్లో చిన్న ఇల్లు కట్టించి ఆవిణ్ణి తెచ్చి పెట్టుకున్నది కొడుకు ట్రెవరే గానీ, ఆ గుమ్మం తొక్కేది మాత్రం కోడలే.

"రేపు ఆదివారం," అంది నారెల్.

"అందుకేగా రమ్మన్నాను! వాడికీ సెలవే, నీకూ సెలవే."

"నాకు ఈత ఉంది ట్రెవర్. నీకు చెప్పాను."

"సముద్రం ఎక్కడికైనా పారిపోతుందా ఏంటి? వచ్చే వారం వెళ్ళు."

డల్సీ కాలు కాస్త ముందుకి జరిపి, "నీ చేతిలో ఏదో మహత్యం ఉందమ్మాయ్. ఆ ఆస్పత్రి పిల్ల తీస్తే ప్రాణం పోతుంది. నువ్వు తీస్తే నిద్రొస్తుంది," అంది. ఆవిడ దృష్టిలో అది మెప్పు. మెప్పే కావచ్చు కూడా. కానీ ఇరవై ఏళ్ళుగా ఇదే మెప్పు తినీ తినీ నారెల్‌కి వెగటు పుట్టింది. చేతి మహత్యం ఉన్నవాళ్ళకి చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదని ఎవరు రాసిపెట్టారో తెలీదు.

నారెల్ ఊళ్ళోని జంతువుల ఆస్పత్రిలో నర్సు. గోళ్ళు తియ్యడం, చెవులు కడగడం, మత్తు దిగుతున్న కుక్కల పక్కన కూర్చోవడం, వాంతులు తుడవడం ఆమె పని. డాక్టరు కుర్రాడు మంచివాడే. కుక్కల వాళ్ళతో మాత్రం, "గోళ్ళేగా, మా అమ్మాయి చూసుకుంటుంది లెండి," అంటాడు. నారెల్‌కి యాభై నాలుగు. ఒకసారి పిల్లి మోచెయ్యంతా గీరేస్తే, "నువ్వు గాభరా పడుంటావు, అందుకే గీరింది," అన్నాడు. ఆమె గాభరా పడలేదు. పిల్లిని బోనులోంచి తోక పట్టి లాగింది అతనే. ఆ మాట ఆ రోజు ఆమె నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది. అలా వెనక్కి పోయిన మాటలు లోపల ఎక్కడ పేరుకుంటాయో గానీ, రాత్రిపూట దవడలు నొప్పి పుడతాయి.

ఆస్పత్రిలో చేసే పనికి జీతమైనా వస్తుంది. ఇంటి దగ్గర వచ్చేది బీరు. ఈ ఊళ్ళో స్నేహితుడు చేసిన సాయానికి స్నేహితుడి చేతిలో డబ్బు పెడితే తప్పు పడతారు. ఒక పెట్టె బీరు తెచ్చి గుమ్మంలో దింపడమే మర్యాద. గోడకి రంగేసినా అంతే, పడవ ఇంజను బాగుచేసినా అంతే. ఎవరు చెమటోడ్చితే పెట్టె వాళ్ళది. ఇందులో ఎవరూ ఎవర్నీ మోసం చెయ్యరు, చేస్తే ఊరు ఊరుకోదు. మరి నారెల్ కుక్కల గోళ్ళు తీస్తే పెట్టె ట్రెవర్ చేతికి ఎందుకొస్తుందో ఆ న్యాయం ఎవరికీ తట్టలేదు. "థాంక్సు రా ట్రెవ్," అని అతని భుజం తట్టి, పెట్టె అతనికిచ్చి, కుక్కని ఎక్కించుకుని పోతారు. పెట్టె షెడ్డులో అతని ఫ్రిజ్‌లోకి పోతుంది. ఆమెకి బీరు పడదు, తలనొప్పి. అది కూడా ఎవరూ అడగలేదు. ట్రెవర్‌ని మాత్రం ఊరంతా బంగారంలాంటి మనిషి అంటారు, అడిగితే కాదనడు అంటారు. కాదనడు, నిజమే. అడిగేది అతని చేతుల్ని కాదుగా.

ఆమెకంటూ ఉన్నది ఆ ఒక్క ఆదివారపు ఈత. ఒడ్డున బండల మధ్య తొలిచిన ఉప్పునీళ్ళ కొలను అది. అలలు గోడ దాటి వచ్చి పడుతుంటాయి. చలికాలమంతా ఆదివారం పొద్దున్నే ఆడవాళ్ళ బృందం ఒకటి అందులో దిగుతుంది. ఇక్కడ చలి మొదలయ్యేది మేలోనే, ఆ నెల మొదటి ఆదివారం నీళ్ళలో ఐసుగడ్డలు పారేసి మరీ మొదలుపెడతారు, పిచ్చివాళ్ళు. దిగగానే ఊపిరి ఆగిపోతుంది. తర్వాత ఒళ్ళు మండుతుంది. ఆ తర్వాత చెవుల్లో నీళ్ళు తప్ప ఏమీ వినిపించవు. "నారెల్, నా చొక్కా ఎక్కడ?" అని ఎవరూ పిలవలేరు. పిలిచినా వినపడదు. ఆమెకి కావలసింది అదే. ఈతలో ఆమె గొప్పదేం కాదు, ఎప్పుడూ చివర్నే వస్తుంది.

ఆ బృందానికి ఒక మొండి నియమం ఉంది. ఐదు చలికాలాలు వరసగా దిగినవాళ్ళ పేరు కొలను పక్క గది గోడ మీద రంగుతో రాస్తారు, ఇక చచ్చేదాకా వాళ్ళు సభ్యులే. ఒక్కో చలికాలంలో నాలుగు ఆదివారాలు మానొచ్చు. ఐదోది మానితే మళ్ళీ మొదటికి. జ్వరమొచ్చినా, తుఫానొచ్చినా, ఇంట్లో పెళ్ళయినా సరే, మినహాయింపు లేదు. నారెల్‌కి ఇది ఐదో చలికాలం. ఈ ఏడు మానిన నాలుగూ అయిపోయాయి. ఒకటి డల్సీ జారిపడినందుకు, ఒకటి ట్రెవర్ నడుం పట్టేసినందుకు, మిగతా రెండూ ఊళ్ళో కుక్కలకి. రేపు మానితే ఐదేళ్ళూ గంగపాలు. ఈ సంగతంతా ట్రెవర్‌కి భోజనాల దగ్గర వివరంగానే చెప్పింది. "చన్నీళ్ళలో దూకడానికి మళ్ళీ హాజరొకటా!" అని అతను పొలమారేదాకా నవ్వాడు.

"ఎనిమిదింటికి నేను నీళ్ళలో ఉండాలి," అంది నారెల్, డల్సీ చిటికెన వేలు తుడుస్తూ. "ఏడింటికల్లా తెమ్మను. ఆలస్యమైతే చెయ్యను."

"సరే, సరే, చెబుతాలే," అన్నాడు ట్రెవర్.

బాజ్ ఏడున్నరకి వచ్చాడు. అప్పటికి నారెల్ ఈత బట్టలేసుకుని, పైన మందపాటి కోటు తొడుక్కుని, గుమ్మంలో నిలబడి వాచీ చూసుకుంటోంది. వెళ్ళిపోవాల్సింది. ఆ సంగతి ఆమెకి తర్వాత చాలాసార్లు అనిపించింది. కానీ బండి ఆగీ ఆగకముందే రాకెట్ కిందకి దూకి, ఆమె చుట్టూ గిరగిరా తిరిగి, పాదాలు ఎత్తి ఆమె కోటు మీద పెట్టింది. గోళ్ళు అప్పుడే వంకర తిరుగుతున్నాయి. ఇంకో వారమైతే మెత్తటి చర్మంలోకి దిగుతాయి. కుక్క ఏం పాపం చేసింది?

"ఒక్క చోట నిలబడదు వెధవ," అన్నాడు బాజ్. "నేనూ మా తమ్ముడూ కలిసి పట్టుకున్నా ఒక్క గోరూ తియ్యలేకపోయాం. మంచం కింద దూరి ఒకటే ఏడుపు."

"అందుకే పట్టుకోకూడదు," అంది నారెల్.

లాండ్రీ గదిలో బట్టల మిషన్ పక్కకి ఒక చెంచాడు పీనట్ బటర్ పులిమింది. రాకెట్ వాసన చూసి, తోకతో బకెట్టు పడేసి, నాకడం మొదలుపెట్టింది. ఆమె పక్కనే చతికిలబడి, వీపు నిమిరి, భుజం దాకా వచ్చి, కాలు దాకా దిగి, పాదాన్ని ఊరికే అరచేతిలో ఉంచుకుంది. అది లాక్కుంటే వదిలేసింది. మళ్ళీ తీసుకుంది. నల్ల గోళ్ళు, లోపలి నరం పైకి కనపడదు. కొద్దికొద్దిగా చెక్కుతూ పోవాలి.

"అంతేరా నాన్నా, అయిపోయిందిరా బుజ్జీ. ఎవరేమన్నార్రా నిన్నూ?"

ఒక గోరు. రెండు. రాకెట్ చెవులు వెనక్కి పెట్టింది గానీ నాకడం ఆపలేదు. మగాళ్ళిద్దరూ కాఫీ కప్పులతో గుమ్మానికి ఆనుకుని చూస్తున్నారు.

"ఎలా ఒప్పుకుంటుందిరా అది?" అన్నాడు బాజ్.

"మా ఇంట్లో అంతే. అలవాటు చేశాం," అన్నాడు ట్రెవర్.

చేశాం! నారెల్ కత్తెర మీంచి తల ఎత్తలేదు. కుడి ముందు కాలు అయింది. ఎడమ కాలు అందుకోబోతే బయట చెట్టు మీద మాగ్‌పై పిట్ట అరిచింది. రాకెట్ ఎగిరి గంతేసి గదంతా ఒక చుట్టు చుట్టి వచ్చింది. ఆమె మళ్ళీ కొంచెం పీనట్ బటర్ పులిమింది.

"ఇలా బుజ్జగిస్తూ కూర్చుంటే మధ్యాహ్నమవుద్ది," అన్నాడు ట్రెవర్. "నీకు ఈత టైమైపోతుందని నువ్వేగా గోల పెట్టావు? ఉండు, నే పట్టుకుంటా, టకటకా తీసెయ్."

"వద్దు. ముట్టుకోకు."

"కుక్కకి ఎవరు యజమానో తెలియాలే!"

"ట్రెవర్, వద్దంటున్నాను."

అతను వెనకనుంచి మెడ ఒడిసి పట్టాడు. రాకెట్ ప్రాణం పోయినంత అరుపు అరిచి, ఒళ్ళంతా మెలితిప్పింది. గోరు మీదున్న కత్తెర లోపలి నరందాకా కోసేసింది. మరుక్షణం పళ్ళు ఆమె బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దిగాయి. అది కూడా తన నోట్లో ఏముందో చూసుకున్నట్టు ఒక్క క్షణం ఆగి, వదిలేసి, ట్రెవర్ కాళ్ళ మధ్యనించి దూరి బయటికి పరుగెత్తి, స్తంభాల మీద ఎత్తుగా కట్టిన ఆ ఇంటి కింద నక్కింది. గచ్చు మీద రెండు చుక్కల రక్తం, పాదం ముద్రతో సహా.

"అయ్యో, నా రాకెట్!" అంటూ బాజ్ పరుగెత్తాడు.

"ఏం చేశావ్ నారెల్? చూసి కొయ్యక్కర్లా?" అని ట్రెవర్ కూడా వెనకాలే పోయాడు.

"సారీ బాజ్," అంది నారెల్.

అన్నాక తెలిసింది అన్నట్టు. నోరు దానంతటదే అనేసింది, వాకిట్లో గంట కొడితే తలుపు తీసినట్టు. చేతిలోంచి రక్తం మణికట్టు మీదుగా కోటు చేతిలోకి కారుతోంది, నోరేమో క్షమాపణ చెబుతోంది. కుళాయి తిప్పి, చెయ్యి పెట్టి, సబ్బుతో చాలాసేపు కడిగింది. నొప్పికి కళ్ళు మసకలు కమ్మాయి గానీ అంతకంటే ఎక్కువగా ఒళ్ళు మండుతున్నది ఆ మాటకి. ఎవరికి సారీ? దేనికి? పట్టుకోవద్దని రెండుసార్లు చెప్పినందుకా? డాక్టరు కుర్రాడు పిల్లి తోక లాగినప్పుడు నవ్వి ఊరుకున్న నోరిది. "ఉప్పు తక్కువైందమ్మాయ్," అంటే సారీ చెప్పిన నోరు, ఆ కూరకి ఎవరూ ఒక్క ముక్క తరిగి ఇవ్వకపోయినా. ఇన్నేళ్ళూ ఎవరో తనని నొక్కి పట్టుకున్నారనుకుంది. ఇవాళ చూస్తే తన నోరు కూడా వాళ్ళ వైపే నిలబడి ఉంది. ఆ సంగతికి ఆమెకి మహా అసహ్యమేసింది.

గుడ్డ చుట్టుకుని, కారు తాళాలు తీసుకుని బయటికి వచ్చింది. మగాళ్ళిద్దరూ ఇంటి కింద బోర్లా పడుకుని ఉన్నారు, కాళ్ళు మాత్రం కనపడుతున్నాయి. "రారా బంగారం, రారా," అని బతిమాలుతున్నారు, ఇందాక ఆమె బుజ్జగిస్తుంటే విసుక్కున్న ట్రెవర్‌తో సహా. షెడ్డు గుమ్మంలో బీరు పెట్టె దింపి ఉంది.

"బాజ్," అంది నారెల్. "ఈ పెట్టె ఎవరికి?"

కాళ్ళు వెనక్కి పాకి బాజ్ మొహం బయటపడింది, జుట్టునిండా సాలెగూడు. "అదీ... ట్రెవ్‌కి."

"రంగేసినవాడికి పెట్టె ఇస్తావు. ఇంజను చేసినవాడికి ఇస్తావు. గోళ్ళు తీసిందెవరు?"

బాజ్ ట్రెవర్ వైపు చూశాడు. ట్రెవర్ కూడా బయటికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఏంటి నారెల్, బయటివాళ్ళ ముందు..."

"ఒక్క పెట్టె కూడా నాది కాదా, ఇన్నేళ్ళలో?"

మోచేతుల మధ్య ఇరికించుకుని పెట్టెని ఎత్తింది. ఇద్దరూ నోళ్ళు తెరుచుకుని పెట్టె వంకే చూశారు. దాన్ని కారు వెనక సీట్లో పడేసి, డల్సీ కిటికీ తెర తొలగించి తొంగిచూస్తుండగానే, బండి తిప్పుకుని వెళ్ళిపోయింది.

కొలను గట్టు మీద అందరూ అప్పటికే వరసగా నిలబడ్డారు. బృందం నాయకురాలు మార్గోకి డెబ్బై ఏళ్ళు, మెళ్ళో ఈల.

"ఆగండాగండి, నారెల్ వచ్చింది! ఇదేంటే తల్లీ, ఆ చెయ్యేంటి? కుక్క కరిచిందా?"

"కరిచింది పాపం. దాని స్థానంలో నేనున్నా కరిచేదాన్నే."

మార్గో గుడ్డ విప్పి చూసి మొహం చిట్లించింది. "దీన్ని ముందు ఆస్పత్రికి పట్టుకెళ్ళాలి."

"వెళ్తాను. కానీ దిగాకే వెళ్తాను. బీరు తెచ్చాను, వెనక సీట్లో ఉంది. తాగేవాళ్ళు తాగండి."

ఎవరో బ్రెడ్డు వచ్చిన ప్లాస్టిక్ సంచీ ఒకటి తెచ్చి చేతికి తొడిగి, రబ్బరు బ్యాండు బిగించారు. కోటు విప్పుతుంటే జేబులో ఫోను మోగింది. అలవాటు కొద్దీ ఎత్తింది.

"ఎక్కడున్నావ్?" ట్రెవర్ గొంతు. "అది ఇంకా బయటికి రావట్లా. బాజ్ ఎదురుచూస్తున్నాడు. అవతల మా అమ్మ టీ అడుగుతోంది. ఎప్పుడొస్తున్నావ్?"

"ఇప్పుడు ఈదుతాను. తర్వాత ఆస్పత్రికి వెళ్ళాలి, కుట్లు పడతాయి."

ట్రెవర్ కంగారుగా, "కుట్లా? గోరు తెగితే దానికి కుట్లేంటి? మరి కుక్కని ఇక్కడే వదిలేసి వెళ్ళావేం?" అన్నాడు.

నారెల్ ఫోను చెవికి ఆనించుకుని, సంచీలో ఎర్రబడుతున్న తన చేతిని చూసుకుంది. కుక్క కరిచిందని అతనికి చెప్పాలని నోరు తెరిచింది. ఇరవై ఏడేళ్ళ కాపురంలో మొదటిసారిగా, చెప్పబుద్ధి కాలేదు.

"ట్రెవర్," అంది. "ఇవాళ నేను ఇంటికి రావట్లేదు. రేపు కూడా రాననుకుంటా."